వెండి మచ్చల పెట్టె



నేను కొలరాడోలో ఉంటాను. రాకీ పర్వతాల పాదాల దగ్గర జూన్ చివర్లో, జులైలో మొనార్డా అనే మొక్క లేత ఊదా రంగులో విరగబూస్తుంది. మన తులసి కుటుంబానికి చెందిన మొక్కే అది. ఆ పూల మీద, పక్కనే ముళ్ళతో నిలబడే థిసిల్ పూల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు వాలి తేనె తాగుతుంటాయి. పైన నారింజ, దాని మీద నల్లటి గీతలూ చుక్కలూ. రెక్కలు మూసినప్పుడు వెనక రెక్క కింది వైపున వరసలుగా వెండి మచ్చలు మెరుస్తాయి. వీటినే ఫ్రిటిల్లరీలంటారు. ఉత్తర అమెరికాలో వీటిని సేకరించి పెట్టెల్లో నిలబెట్టే పని గురించి ఇవాళ మీతో మాట్లాడతాను.

ఇంటికొచ్చి నా పెట్టెలు చూసేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో అన్నిటికంటే అరుదైనది ఏది? నేను మాత్రం అన్నిటికంటే మామూలుదాన్ని చూపిస్తాను. అదెందుకో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

ఫ్రిటిల్లరీలలో పెద్దవాటిని స్పెయెరియా అనే ప్రజాతిగా లెక్కిస్తారు. శామ్యూల్ స్కడర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1872లో ఈ పేరు పెట్టాడు. ఈ మధ్య కొందరు దీన్ని ఐరోపా, ఆసియా ఫ్రిటిల్లరీలతో కలిపి ఆర్గినిస్‌లో చేరుస్తున్నారు. పేరు ఏదైనా, ఈ పెద్దవి ఉత్తర అమెరికాలో దాదాపు 16 జాతులు. వాటి కింద పేరు పెట్టిన ఉపజాతులు మాత్రం వంద దాటాయి. ఇవి కాక బొలోరియా అనే చిన్న ఫ్రిటిల్లరీలున్నాయి. అవి చల్లటి బురద నేలల్లో, ఎత్తైన కొండల మీద, ఆర్కిటిక్ మైదానాల్లో బతుకుతాయి. దక్షిణాన మచ్చల ఫ్రిటిల్లరీ అనదగ్గ యుప్టోయెటా ఉంది. ఇక టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా ఇళ్ళ పెరళ్ళలో తిరిగేది గల్ఫ్ ఫ్రిటిల్లరీ.

గల్ఫ్ ఫ్రిటిల్లరీ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో కృష్ణకమలం తీగ కనబడుతూ ఉంటుంది. పూజకనీ, చూడముచ్చటగా ఉంటుందనీ పెంచుకుంటారు. ఆ తీగ ఆకుల్ని నల్లటి ముళ్ళతో, నారింజ రంగులో ఉండే గొంగళిపురుగులు తినేస్తున్నాయని దక్షిణ రాష్ట్రాల వాళ్ళు బాధపడుతుంటే, ఆ పురుగు చాలాసార్లు గల్ఫ్ ఫ్రిటిల్లరీయే. ఆంధ్రలో, తెలంగాణలో ఇదే మొక్క కుటుంబం మీద పెరిగేది టానీ కోస్టర్ అనే మరో నారింజ సీతాకోకచిలుక. కాబట్టి మందు కొట్టే ముందు కాస్త ఆలోచించండి. తీగ మళ్ళీ చిగురిస్తుంది. ఆ పురుగుకు మాత్రం తినడానికి వేరే మొక్క లేదు.

పెద్ద ఫ్రిటిల్లరీలు, అంటే స్పెయెరియాలు, తినేది వేరు. వీటి పిల్లలకు వయొలెట్ మొక్క తప్ప మరో ఆహారం లేదు. వీటి జీవితంలోని వింతంతా ఈ మొక్క చుట్టూనే తిరుగుతుంది. ఏడాదికి ఒక్కటే తరం. వేసవి మొదట్లో మగవి ముందు బయటికొస్తాయి, కొన్నాళ్ళకు ఆడవి. జత కట్టడం అప్పుడే అయిపోతుంది. ఆడది మాత్రం వెంటనే గుడ్లు పెట్టదు. కొన్ని జాతుల్లో ఆడవి నడివేసవి అంతా గుడ్లు పక్వం కాకుండానే గడిపి, మగవన్నీ చచ్చిపోయాక, ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో గడ్డిలోకి దిగి నడుస్తూ ఒక్కొక్క గుడ్డే పెడతాయి. రీగల్ ఫ్రిటిల్లరీ ఆడది రెండు వేలకు పైగా గుడ్లు పెట్టగలదు. అప్పటికి వయొలెట్లు చాలాచోట్ల ఎండి, నేల మీద ఆకు కూడా కనబడదు. ఎండుగడ్డి పుల్లల మీద, రాలిన ఆకుల కింద పెట్టి వెళ్ళిపోతుంది. పిల్ల గుడ్డులోంచి వచ్చి, ఒక్క ఆకు కూడా కొరక్కుండా, ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉన్న ఒంటితో మంచు కింద శీతాకాలమంతా నిద్రపోతుంది. వసంతంలో లేచి, తన చుట్టుపక్కల ఎక్కడ వయొలెట్ మొలకెత్తిందో తనే వెతుక్కోవాలి. వాటిలో చాలా భాగం వెతుక్కోలేకపోతాయి. అందుకే తల్లి అన్ని వేల గుడ్లు పెడుతుంది.

ఈ కథ వల్ల ఒక సంగతి తేలుతుంది. వయొలెట్లు దట్టంగా ఉన్న పచ్చిక బయలు ఉంటేనే ఫ్రిటిల్లరీ ఉంటుంది. వయొలెట్ గింజల్ని చీమలు మోసుకెళ్ళి నాటుతాయి కాబట్టి ఆ మొక్క దూరాలకు త్వరగా పాకదు. ఒకసారి దున్నేసిన నేలకు, మందు చల్లిన నేలకు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అంటే ఒక చోట పట్టిన ఫ్రిటిల్లరీ ఆ నేల సంగతి చెబుతుంది. అక్కడ వయొలెట్లున్నాయనీ, శీతాకాలంలో ఆ గడ్డిని ఎవరూ తగలబెట్టి బూడిద చెయ్యలేదనీ, వేసవి చివరి దాకా పూలున్నాయనీ. నా దృష్టిలో పెట్టెలో సూదికి గుచ్చింది సీతాకోకచిలుకే అయినా, దాచుకున్నది ఆ పచ్చిక బయలుని.

సేకరణ మొదలుపెట్టిన వాళ్ళను ఈ స్పెయెరియాలు బాగా కష్టపెడతాయి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఆదిలాబాద్ నుంచి నెల్లూరు దాకా తెలుగు ఒకటే అయినా ఊరూరికీ యాస మారినట్టు, ఒకే జాతి ఫ్రిటిల్లరీ కొండకొండకీ రంగు మారుతుంది. కాలిఫోర్నియా తీరంలో కాలిప్పీ ఫ్రిటిల్లరీ వెనక రెక్క కింది భాగం గోధుమ రంగు. సియెర్రా కొండలు దాటి ఎడారి పక్కకు వస్తే అదే జాతిలో ఆ భాగం లేత ఆకుపచ్చగా మారుతుంది. కష్టం అంతటితో తీరదు. ఒకే ప్రాంతంలో తిరిగే వేరువేరు జాతులు ఒకదానిలా ఒకటి తయారవుతాయి. గ్రేట్ బేసిన్ పొడి నేలల్లో కొరోనిస్, జెరీన్, కాలిప్పీ మూడూ పాలిపోయి కనబడతాయి. అంటే ఒకే జాతి రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది, రెండు జాతులు ఒకే చోట ఒకే రకంగా ఉంటాయి. ఒక్క నమూనాను చేతిలో పట్టుకుని, అది ఎక్కడిదో తెలియకుండా, పేరు చెప్పమంటే ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా తడబడతారు.

ఈ చిక్కు వల్లనే పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ప్రతి రంగు తేడాకూ ఒక కొత్త జాతి పేరు పెట్టుకుంటూ పోయారు. పేర్లు వంద దాటాయి. ఈ ముడి విప్పింది సిరిల్ డాస్ పాసోస్, పాల్ గ్రే అనే ఇద్దరు. 1947లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ పత్రికలో ఒక జాబితా అచ్చు వేసి, ఆ పేర్లన్నిటినీ 13 జాతుల కిందకు తెచ్చారు. దానికి వాళ్ళు వాడిన ఆయుధం సేకరణే. ఒక్కో కొండ నుంచి, ఒక్కో లోయ నుంచి వరసగా పట్టిన నమూనాలను పక్కపక్కన పెట్టి, ఈ లోయలో ఉన్న రంగు పక్క లోయలోకి ఎలా కొద్దికొద్దిగా మారుతూ పోయిందో చూశారు. మధ్యలో ఉన్న లోయ నుంచి నమూనాలు లేకపోతే చివర్లున్న రెండూ రెండు జాతుల్లాగే కనబడతాయి. ఆ తర్వాత వచ్చిన వాళ్ళు ఆ జాబితాను కొంత సవరించారు, డీఎన్‌ఏ చూసి ఇంకా సవరిస్తున్నారు. అయినా ఇప్పటికీ స్పెయెరియా మీద పనిచేసే ప్రతివాళ్ళూ ఆ 1947 జాబితా నుంచే మొదలుపెడతారు.

మంచి ఫ్రిటిల్లరీ పెట్టెలో పదహారు జాతులు పదహారు గళ్ళలో ఒక్కొక్కటిగా ఉండవు. అలాంటి పెట్టె చూడటానికి అందంగా ఉంటుంది, తెలిపేది తక్కువ. ఒక్క జాతినే తీసుకుని, ఒక్క చోటు నుంచే, మగవి కొన్ని, ఆడవి కొన్ని, సీజను మొదట్లో పట్టినవి, చివర్లో పట్టినవి వరసలో ఉండాలి. సేకర్తలు దీన్ని సిరీస్ అంటారు. కొన్నిటిని పైవైపు కనబడేట్టు, కొన్నిటిని తిరగేసి కింది వైపు కనబడేట్టు పెట్టాలి. ఫ్రిటిల్లరీలలో గుర్తులన్నీ కింది వైపే ఉంటాయి. వెండి మచ్చల ఆకారం, వాటి మధ్య నేల రంగు, అంచున లేత పట్టీ వెడల్పు, ఇవన్నీ అక్కడే చూడాలి. ఈ వరసల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎడ్వర్డ్స్ ఫ్రిటిల్లరీ. మా కొండల పాదాల దగ్గర మామూలుగా దొరికేదే. కింది వైపు ఆకుపచ్చ నేల మీద పొడవాటి వెండి మచ్చలు. ఇంటికొచ్చిన వాళ్ళకు నేను ముందుగా చూపించే మామూలుది ఇదే. అరుదైనది ఒక్కటి కొనుక్కుని పెట్టుకున్నవాళ్ళ కంటే, తన జిల్లాలోని మామూలుదాన్ని ఏటా ఓపికగా వరసపెట్టినవాళ్ళే ఎక్కువ చేశారని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ సూది కింద ఒక చీటీ ఉంటుంది. అది లేకపోతే పైనున్న సీతాకోకచిలుక విలువ సున్నా. చీటీలో రాష్ట్రం, కౌంటీ, ఏ కొండదారిలో ఏ మైలురాయి దగ్గర, సముద్రమట్టానికి ఎంత ఎత్తు, తేదీ, పట్టినవాళ్ళ పేరు ఉండాలి. ఇప్పుడైతే అక్షాంశ రేఖాంశాలు కూడా రాస్తారు. తేదీలో నెలను రోమన్ అంకెల్లో రాయడం పాత పద్ధతి, నేను అదే పాటిస్తాను. అమెరికాలో నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. యాభై ఏళ్ళ తర్వాత చదివేవాళ్ళకు 7-8 అంటే జులై ఎనిమిదో ఆగస్టు ఏడో ఎలా తెలుస్తుంది? ఫ్రిటిల్లరీల విషయంలో ఆ నెల రోజుల తేడా అంటే గుడ్లు పెట్టని ఆడదానికీ, గుడ్లు పెడుతున్న ఆడదానికీ ఉన్న తేడా. కాగితం ఆమ్లం లేనిదై ఉండాలి, సిరా నీళ్ళకు చెదరనిదై ఉండాలి. ఏ పువ్వు మీద వాలి ఉండగా పట్టామో కూడా రాస్తే ఇంకా మంచిది. చీటీ ఆ సాయంత్రమే రాయాలి. రేపటికి వాయిదా వేస్తే ఏ లోయలో పట్టామో తారుమారవుతుంది.

పట్టే పని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వల మెత్తటి గుడ్డతో, లోతుగా ఉండాలి. ఎగిరే ఫ్రిటిల్లరీ వెనక పరుగెత్తి లాభం లేదు, అవి చాలా బలంగా ఎగురుతాయి. థిసిల్ పువ్వు దగ్గరో, జిల్లేడు కుటుంబానికి చెందిన మిల్క్‌వీడ్ దగ్గరో, తడిమట్టి దగ్గరో నిలబడితే అవే వస్తాయి. పట్టినదాన్ని రెక్కలు మూసి పారదర్శకమైన చిన్న కాగితపు కవరులో పెట్టుకోవాలి, కవరు మీద వెంటనే చోటూ తేదీ రాసుకోవాలి. ఇంటి దగ్గర, గాడి ఉన్న చెక్క మీద ఒంటిని గాడిలో ఉంచి, రెక్కలు విప్పి, కాగితపు పట్టీలతో అదిమి, ముందు రెక్క వెనక అంచు ఒంటికి సరిగ్గా అడ్డంగా వచ్చేట్టు సర్ది ఆరబెట్టాలి. సూది రెక్క పొర మీద గుచ్చుకోకూడదు, నరం వెనక ఆనించి జరపాలి. ఈ పని చెయ్యడానికి రాత్రి పూట ఫోను పక్కన పెట్టేసి కూర్చోవాలి.

ఆరిన తర్వాత శత్రువులు రెండే. ఒకటి వెలుతురు. నారింజ రంగు వర్ణపదార్థం కాబట్టి ఎండకు వెలిసిపోతుంది. వెండి మచ్చల సంగతి వేరు. అక్కడ వెండి రంగు పదార్థమేమీ లేదు. రెక్క మీద పొలుసుల్లోని సన్నటి పొరలు వెలుగులోని అన్ని రంగులనూ తిప్పికొట్టడం వల్ల ఆ మెరుపు వస్తుంది. అందుకే వందేళ్ళ కిందటి నమూనాలో కూడా వెండి అలాగే ఉంటుంది. రెండో శత్రువు డెర్మెస్టిడ్ అనే చిన్న పెంకు పురుగు. దాని పిల్లలు మూత సరిగ్గా పడని డ్రాయరులోకి దూరితే కొన్ని నెలల్లో ఒళ్ళు పొడి చేసి రెక్కలు రాల్చేస్తాయి. కలరా ఉండలు వాటిని దూరంగా ఉంచుతాయేమో కానీ లోపలికి వచ్చాక చంపలేవు. బయటి నుంచి వచ్చిన ప్రతి పెట్టెనూ కొన్నాళ్ళు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గానీ మిగతావాటితో కలపకూడదు.

ఇక నాకు ఎంతో గౌరవమున్న మనిషి గురించి. విలియమ్ హెన్రీ ఎడ్వర్డ్స్ వెస్ట్ వర్జీనియాలో బొగ్గు వ్యాపారం చేసేవాడు. కుర్రతనంలో 1846లో అమెజాన్ నది మీద ప్రయాణించి, మరుసటేడు ఒక పుస్తకం రాశాడు. అది చదివే ఆల్ఫ్రెడ్ వాలెస్, హెన్రీ బేట్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు యువకులు 1848లో అమెజాన్‌కు ఓడెక్కారు. వాలెస్ తర్వాత డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతాన్ని ప్రకటించినవాడు. ఎడ్వర్డ్స్ మాత్రం ఇంటి దగ్గరే ఉండి, 1868 నుంచి 1897 దాకా మూడు సంపుటాలుగా ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల మీద పుస్తకం తెచ్చాడు. అందులో ఫ్రిటిల్లరీలది పెద్ద వాటా.

ఎడ్వర్డ్స్ ఊరికే రెక్కలు చూసి పేరు పెట్టి ఊరుకోలేదు. ఆడదాన్ని దాని మొక్క మీద గుడ్డ కట్టి మూసి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి చూశాడు. వేరువేరు జాతులనుకున్నవి ఒకే తల్లి పిల్లలని అలా తేల్చాడు. ఫ్రిటిల్లరీ పిల్లలు పుట్టీపుట్టగానే ఏమీ తినకుండా నిద్రపోతాయన్నది ఇలా పెంచి చూస్తేనే తెలిసే సంగతి. ఆ పుస్తకంలోని బొమ్మలు వేసింది ఫిలడెల్ఫియాలో ఉండే మేరీ పార్ట్. ఎడ్వర్డ్స్ గుడ్లనూ గొంగళిపురుగులనూ పోస్టులో పంపేవాడు. ఆవిడ వాటిని పెంచుతూ, ప్రతి దశా మారగానే బొమ్మ గీసేది. లిడియా బోవెన్, పేషన్స్ లెస్లీ అనే ఇద్దరు ఆ బొమ్మలకు చేత్తో రంగులు వేశారు. ఎడ్వర్డ్స్ పేరు తలచుకున్న ప్రతిచోటా ఈ ముగ్గురి పేర్లూ తలచుకోవాలని నా అభిప్రాయం. పుస్తకం అచ్చు ఖర్చుకు డబ్బు కావలసి ఎడ్వర్డ్స్ తన సేకరణను పిట్స్‌బర్గ్‌లోని విలియమ్ హాలండ్‌కు అమ్మాడు. అది ఇప్పుడు అక్కడి కార్నెగీ మ్యూజియంలో ఉంది. 1898లో హాలండ్ రాసిన సీతాకోకచిలుకల పుస్తకం చదివి ఎన్ని వేల మంది అమెరికన్ పిల్లలు వల పట్టారో!

ఇవాళ కూడా మంచి నమూనాలు కావాలంటే పెంచడమే ఉత్తమం. వేసవి చివర్లో ఒక్క ఆడదాన్ని కాగితపు సంచిలో, కాసిన్ని వయొలెట్ ఆకులతో ఉంచితే గుడ్లు పెడుతుంది. తేనె నీళ్ళు పట్టాలి. పుట్టిన పిల్లల్ని తడి ఆరకుండా, అలాగని బూజు పట్టకుండా ఫ్రిజ్‌లో శీతాకాలం గడిపించాలి. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి గీత మీదే సగం పిల్లలు పోతాయి. వసంతంలో బయటికి తీసి, ఏ మందూ తగలని వయొలెట్ ఆకులు వేస్తే రాత్రిపూట తిని పెరుగుతాయి. నిగనిగలాడే రెక్కలతో వచ్చినవాటిలో కొన్నిటిని ఉంచుకుని, మిగతావాటిని తల్లిని పట్టిన చోటే వదిలిపెట్టవచ్చు. వేరే కొండ మీద వదలకూడదు. అలా వదిలితే, రేపు అక్కడ పట్టినవాళ్ళ చీటీ అబద్ధం చెబుతుంది.

చంపడం గురించి చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. విస్తారంగా ఉన్న జాతిలో కొన్ని మగవాటిని తీసుకోవడం వల్ల గుంపుకు నష్టం ఉండదు. అవి ముందే పుట్టి, జత కట్టాక కొద్దికాలానికి పోయేవే. ఫ్రిటిల్లరీలను అంతం చేసేది గడ్డి కోసే యంత్రాలు, కలుపు మందులు, మేత ఎక్కువై తొక్కుడుపడిన లోయలు, రోడ్లు, ఇళ్ళు. అయితే చిన్న గుంపుల విషయంలో నాకు రెండో మాట లేదు. కొలరాడోలోనే అన్‌కంపాగ్రే అనే పర్వతం మీద 1978లో ఒక చిన్న బొలోరియా కొత్తగా దొరికింది. చాలా ఎత్తున, నేలకు అంటుకుని పాకే మంచు విల్లో మొక్కల మధ్య మాత్రమే అది బతుకుతుంది. పిల్ల పెద్దది కావడానికి రెండేళ్ళు పడుతుంది. దొరికిన పదమూడేళ్ళకే, 1991లో, దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రభుత్వం ప్రకటించింది. కారణాల్లో సేకర్తల తాకిడిని కూడా చేర్చారు. దాని బొమ్మ చూసి సంతోషించడమే సరైన పని.

చట్టం కూడా గట్టిదే. జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా ఒక్క పురుగునూ పట్టకూడదు. 1900 నాటి లేసీ చట్టం ప్రకారం, అక్రమంగా పట్టినదాన్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపడం కూడా నేరం. 1993లో ముగ్గురు సేకర్తల మీద పార్కుల్లో పట్టారని, రక్షిత జాతుల్ని పట్టారని కేంద్ర ప్రభుత్వం కేసు పెడితే ఆ వార్త దేశమంతా మోగింది. ఏ నేల మీద నిలబడ్డామో, అది ఎవరి అధీనంలో ఉందో ముందే కనుక్కుని వెళ్ళాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో కూడా ఎన్నో సీతాకోకచిలుకలున్నాయి. నీలగిరుల్లో, హిమాలయాల్లో తిరిగే మన ఇండియన్ ఫ్రిటిల్లరీ కూడా వయొలెట్ల మీదే పెరుగుతుంది. దాన్ని చూడాలనుకునేవాళ్ళు కెమెరాతోనే వెళ్ళండి.

సేకరణ వల్ల ఒరిగిందేమిటని అడిగితే నేను రీగల్ ఫ్రిటిల్లరీ పేరు చెబుతాను. ముందు రెక్క ఎర్రటి నారింజ, వెనక రెక్క నీలిఛాయ నలుపు. 1773లో డ్రూ డ్రూరీ దీనికి పేరు పెట్టినప్పుడు నమూనా వచ్చింది న్యూయార్క్ నుంచి. తూర్పు తీరమంతా, న్యూ ఇంగ్లండ్ దీవుల దాకా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తూర్పున ఒక్కో రాష్ట్రంలోంచీ మాయమైంది. న్యూ ఇంగ్లండ్‌లో 1990ల మొదట్లో ఆఖరివి పోయాయి. ఇవాళ తూర్పున చెప్పుకోదగ్గ గుంపు మిగిలింది పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్ అనే సైనిక శిక్షణ కేంద్రంలో. ట్యాంకులు నేలను కదిలిస్తాయి, కాల్పుల వల్ల అప్పుడప్పుడూ గడ్డి అంటుకుంటుంది, అందువల్ల అక్కడ చెట్లు కమ్ముకోకుండా గడ్డి మైదానం మైదానంగానే ఉండిపోయింది. ఆ తెరపి నేలలో వయొలెట్లు బతికాయి, వయొలెట్లతో రీగల్ బతికింది. జులైలో సైన్యం వాళ్ళే జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తారు. తూర్పు రీగల్‌కూ, కాన్సస్ వైపు ప్రెయిరీల్లో ఉండే పడమటి రీగల్‌కూ తేడా ఉందని తేల్చడానికి ఆధారం మ్యూజియం డ్రాయర్లలోని పాత నమూనాలే. తూర్పున బతికున్నవి ఒక్క చోటే కదా, మిగతా రాష్ట్రాల రీగల్ ఎలా ఉండేదో ఆ పాత నమూనాలకే తెలుసు. ఆ తేడాను పట్టించుకునే 2024లో అమెరికా వన్యప్రాణి సంస్థ తూర్పు దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా, పడమటి దాన్ని ముప్పు ముంగిట ఉన్నదిగా చేర్చాలని ప్రతిపాదించింది.

డయానా ఫ్రిటిల్లరీ మరో సాక్ష్యం. మగది నారింజ, ముదురు గోధుమ. ఆడది పూర్తిగా నలుపూ నీలమూ. విషం ఉన్న పైప్‌వైన్ స్వాలోటెయిల్‌ని అనుకరించి పక్షుల నుంచి తప్పించుకుంటుంది. రెండూ ఒకే జాతని తెలియడానికి చాలాకాలం పట్టింది. 1770ల్లో దీనికి పేరు పెట్టినప్పుడు నమూనా వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌ది, సముద్రానికి దగ్గర పల్లపు ప్రాంతం. ఇప్పుడు అక్కడ డయానా లేదు. అపలాచియన్ కొండల మీద, అర్కాన్సా కొండల మీద ఉంది. రెండు శతాబ్దాల చీటీలన్నీ కూర్చి చూసిన పరిశోధకులు అది దశాబ్దానికి సుమారు 18 మీటర్ల చొప్పున పైకి జరుగుతోందని లెక్కగట్టారు. ఎప్పుడో ఎవరో ఊరి పేరు, తేదీ రాసిపెట్టకపోతే ఈ సంగతి తెలిసే దారి లేదు.

కాలిఫోర్నియాలో వెండి లేని అడియాస్టీ అనే ఫ్రిటిల్లరీకి అటోస్సా అనే ఉపజాతి ఉండేది. టెహాచపీ కొండల చుట్టుపక్కల ఉండేది. 1960 దాటాక ఎవరికీ కనబడలేదు. ఇప్పుడది డ్రాయర్లలోనే ఉంది. ఎడారి మధ్య లాస్ వెగాస్ నగరం పైన లేచిన స్ప్రింగ్ పర్వతాల్లో కెరోల్ ఫ్రిటిల్లరీ ఒక్కచోటే బతుకుతోంది, చుట్టూ ఎడారి కాబట్టి మరెక్కడికీ పోలేదు. ఆరెగన్ తీరంలోని సిల్వర్‌స్పాట్ కథ కాస్త ఆశ పుట్టిస్తుంది. 1980లోనే రక్షిత జాతిగా ప్రకటించిన దీనికోసం, రెండు జంతుప్రదర్శనశాలలు వేసవి చివర్లో ఆడవాటిని తెచ్చి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని చలిలో నిద్రపుచ్చి, వసంతంలో వయొలెట్ ఆకులు మేపి తీరం మీద వదిలిపెడుతున్నాయి. దీని మూలం ఎడ్వర్డ్స్ గుడ్డ కట్టి గుడ్లు పెట్టించిన పద్ధతే.

చివరిగా పెట్టెల సంగతి. సేకర్త పోయాక వారసులకు వాటిని ఏం చెయ్యాలో తెలియదు. గ్యారేజీలో పడేస్తారు, పెంకు పురుగు మిగతా పని పూర్తిచేస్తుంది. ఇప్పుడు పాత నమూనా కాలు ఒక్కటి విరిచి తీసి డీఎన్‌ఏ చదవగలుగుతున్నారు, కాబట్టి చీటీ ఉన్న ప్రతి పెట్టెకూ మునుపటి కంటే విలువ పెరిగింది. ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌లో మెగ్వైర్ సెంటర్ ఉంది, మా రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ జిలెట్ మ్యూజియం ఉంది. బతికుండగానే వాళ్ళతో మాట్లాడి, ఏ డ్రాయరు ఎవరికో కాగితం మీద రాసి, ఆ కాగితం నకలు ఇంట్లోవాళ్ళకు ఇచ్చి ఉంచాలి. నోటుపుస్తకాలను కూడా పెట్టెలతోనే పంపాలి. చీటీలో పట్టనిదంతా వాటిలోనే ఉంటుంది.